రాకెట్‌కు సీసం అతికించాలా, కొత్తది కొనాలా: ఒక ప్రాజెక్టు డైరీ

తేల్చుకోవాల్సింది ఒకటే. ఉన్న రెండు టెన్నిస్ రాకెట్లకు బరువు జోడించి దారికి తెచ్చుకోవాలా, రెండింటినీ అటకెక్కించి కొత్తవి కొనాలా?

రెండూ ఒకే మోడల్. 98 చదరపు అంగుళాల తల, 27 అంగుళాల పొడవు, నిలువు 16 అడ్డం 19 స్ట్రింగులు. స్ట్రింగులు లేకుండా 305 గ్రాములని ఫ్రేమ్ మీదే రాసి ఉంది. ఒకటి నేను 2016లో కొత్తగా కొన్నది, దాన్ని ఎ అంటాను. రెండోది ఎన్‌ఐటీలో చదువు ముగించుకుని ఊరెళ్లిపోతున్న ఒక తమ్ముడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, అది బి.

ఇబ్బందులు రెండు. పొద్దున హనుమకొండ కోర్టులో మాది డబుల్స్. ఈమధ్య చేరిన కుర్రాళ్లు బలంగా కొడుతున్నారు. నెట్ దగ్గర వాలీకి (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బకు) బంతి నడిమధ్యన తగలకుండా వేలెడు పక్కకు తగిలిందంటే రాకెట్ చేతిలో గిర్రున తిరుగుతోంది. రెండోది, ఎప్పుడైనా ఎ వదిలి బి పట్టుకుంటే సర్వీసులు వరసగా నెట్‌లోకి పోతున్నాయి. ఒకే మోడల్ కదా, ఎందుకిలా?

ఇదే తరహా కొత్త రాకెట్ ఇప్పుడు 17,600. రెండు కొంటే 35,200. సీసం టేపు (లెడ్ టేపు) వెయ్యి లోపే. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) నిబంధనల ప్రకారం ఫ్రేమ్ మీద బరువు సర్దుకోవడానికి ఏదైనా అతికించుకోవచ్చు, కాబట్టి టోర్నమెంటులో ఎవరైనా అడిగినా భయం లేదు. అమెరికా టెన్నిస్ దిగ్గజం పీట్ సాంప్రాస్ తన 85 చదరపు అంగుళాల తల ఉన్న రాకెట్‌కు సీసం అతికించుకునే ఆడాడు.

దశ 1: ముందు స్ట్రింగులు

ఎలో ఉన్న పాలియెస్టర్ స్ట్రింగ్ నెలల తరబడి తెగలేదు. తెగలేదు కదా అని మార్చలేదు. పాలియెస్టర్‌తో చిక్కే అది. తెగడానికి చాలా ముందే టెన్షన్ (స్ట్రింగ్ బిగువు) దిగిపోతుంది. డబుల్స్ ఆడేవాళ్లకు స్ట్రింగ్ తెగడం అరుదు కాబట్టి చచ్చిన స్ట్రింగుతోనే ఆడుతూ ఫ్రేమ్‌ను తిట్టుకుంటాం. స్ట్రింగ్ మార్చకుండా ఫ్రేమ్ గురించి ఏ నిర్ణయం తీసుకున్నా అది నిలబడదు.

రెండింటికీ ఒకే సింథటిక్ గట్ (నైలాన్ స్ట్రింగ్), 1.30 మి.మీ. మందం, ఒకే టెన్షన్ వేయిద్దామనుకున్నా. మన దగ్గర స్ట్రింగింగ్ మెషిన్లున్న దుకాణాలకు ఎక్కువగా వచ్చేవి బ్యాడ్మింటన్ రాకెట్లే.

"ఎంత గుంజాలె అన్నా?"

"ఇరవై నాలుగు."

నా మనసులో ఉన్నది 24 కేజీలు. ఆ మెషిన్ మీద పొద్దంతా నడిచేది 24 పౌండ్లు. బ్యాడ్మింటన్‌కు అది మామూలే, టెన్నిస్ రాకెట్‌కు సగం కూడా కాదు. తెచ్చి ఆడితే బంతి దోమతెరకు తగిలినట్టు లోపలికి పోయి, ఎటు కొట్టినా వెనక కంచె దాటింది. కోసేసి మళ్లీ వేయించాల్సి వచ్చింది. వాళ్లు రెండోసారి కూలి తీసుకోలేదు, స్ట్రింగ్ డబ్బులు మాత్రం పోయాయి.

కాబట్టి ఇలా చేయండి:

1. టెన్షన్ ఎప్పుడూ పౌండ్లలో చెప్పండి. 24 కేజీలంటే దాదాపు 53 పౌండ్లు.
2. "టెన్నిస్‌ది, 53 పౌండ్లు" అని కాగితం మీద రాసి హ్యాండిల్‌కు అంటించండి.
3. మొదటి స్ట్రింగ్ గుంజేటప్పుడు మెషిన్ మీది అంకె చూసి గానీ దుకాణం దిగకండి.

కొత్త స్ట్రింగులతో ఆడాక కొంత మేలు కనిపించింది. బంతి లోతుగా పడుతోంది, చేతికి అదురు తక్కువ. కానీ వాలీలో తిరగడం అలాగే ఉంది. ఎ, బిల మధ్య తేడా కూడా అలాగే ఉంది.

ఖర్చు: ఎకి స్ట్రింగ్ 650, కూలి 200. మళ్లీ స్ట్రింగ్ 650. బికి 850. ఇప్పటికి మొత్తం 2,350.

దశ 2: తూకం, బ్యాలెన్స్, ఊపు

వంటింటి కాటా ఒక గ్రాము దాకానే చూపిస్తుంది. ఇక్కడ అర గ్రాము కూడా లెక్కే. ముందు వరంగల్‌లో తెలిసిన అవుసుల ఆయన (కంసాలి) దుకాణానికి పోయా. ఆయన కాటా పళ్లెం అరచేతి వెడల్పు కూడా లేదు. దాని మీద స్టీలు గ్లాసు బోర్లించి, కాటాను సున్నా చేసి, గ్లాసు మీద రాకెట్‌ను అడ్డంగా నిలబెట్టాం. "గ్రాముకెంత పడ్డది సార్?" అన్నాడాయన. గ్లాసు ఉపాయం పనికొచ్చింది గానీ ప్రతి మార్పుకూ ఆయన దగ్గరికి పోలేను. 500 గ్రాముల దాకా తూచి, 0.1 గ్రాము తేడా చూపించే జేబు కాటా ఆన్‌లైన్‌లో 450కి తెప్పించా.

బ్యాలెన్స్‌కు ఇనుప స్కేలును బల్ల అంచున నిలువుగా బిగించి, దాని మీద రాకెట్‌ను అడ్డంగా పెట్టి, ఎటూ ఒరగని చోట మాస్కింగ్ టేపు మీద గీత పెట్టా. హ్యాండిల్ అడుగు నుంచి ఆ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో అదే బ్యాలెన్స్.

అసలు పని స్వింగ్ వెయిట్. రాకెట్‌ను హ్యాండిల్ అడుగు నుంచి 10 సెం.మీ. దగ్గర పట్టుకుని ఊపితే ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే అంకె ఇది. దీన్ని కొలిచే యంత్రాలు ఖరీదైనవి. ఇంట్లో చేయాలంటే రాకెట్‌ను గడియారం లోలకంలా ఊపాలి.

1. అడుగు నుంచి సరిగ్గా 10 సెం.మీ. దగ్గర, స్ట్రింగుల తలానికి సమాంతరంగా, హ్యాండిల్‌కు అడ్డంగా ఒక సన్నని పుల్లను టేపుతో బిగించాలి.
2. రెండు స్టూళ్ల మధ్య పుల్ల రెండు కొసలూ ఆనించి, తల కిందికి వేలాడదీయాలి.
3. కొద్దిగా లాగి వదలాలి. ఎక్కువ లాగితే లెక్క తప్పుతుంది. పదేళ్ల పిల్లాడు ఉయ్యాల ఊపినంత వద్దు.
4. 30 ఊపులకు (అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తే ఒక ఊపు) పట్టిన సమయాన్ని ఫోన్‌లో వీడియో తీసి చూసుకోవాలి. దాన్ని 30తో భాగిస్తే ఒక ఊపు సమయం.
5. బరువు (కేజీల్లో) × (బ్యాలెన్స్ − 10) × 24.85 × ఊపు సమయం × ఊపు సమయం = స్వింగ్ వెయిట్.

పుల్ల బరువు లెక్కలోకి రాదు, అది ఇరుసు దగ్గరే తిరుగుతుంది కాబట్టి.

మొదట వెదురు పుల్ల పెట్టా. అది లావుగా ఉండి స్టూలు అంచు మీద దొర్లింది, ప్రతిసారీ వేరే అంకె. తర్వాత స్వెటర్లు అల్లే సూది పెడితే నడుమ వంగింది. చివరికి సైకిల్ స్పోక్ కుదిరింది. అయినా అంకెలు కుదురుగా రాకపోతుంటే కారణం పైన కనిపించింది, ఫ్యాన్! స్ట్రింగులున్న తల గాలిని బాగానే పట్టుకుంటుంది. ఫ్యాన్ ఆపి, చెమట కారుతూ కొలిస్తే సరిపోయింది.

చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే 30 ఊపుల మీద పదో వంతు సెకను తప్పు వచ్చినా స్వింగ్ వెయిట్‌లో ఒకటిన్నర దాకా తేడా వస్తుంది. బ్యాలెన్స్‌లో ఒక మి.మీ. తప్పు కూడా దాదాపు అంతే. కాబట్టి కింద అంకెలను రెండు అటూ ఇటూగా చదువుకోండి.

కొలతలు (స్ట్రింగులు, హ్యాండిల్ మీద చుట్టే ఓవర్‌గ్రిప్‌తో, స్ట్రింగుల అదురు తగ్గించే రబ్బరు ముక్క డ్యాంపెనర్ తీసి):

ఎ: 327.5 గ్రా., బ్యాలెన్స్ 32.6 సెం.మీ., 30 ఊపులకు 39.45 సెకన్లు, స్వింగ్ వెయిట్ 318
బి: 319.0 గ్రా., బ్యాలెన్స్ 32.2 సెం.మీ., 30 ఊపులకు 39.50 సెకన్లు, స్వింగ్ వెయిట్ 305

చిత్రం చూడండి, ఊపు సమయాలు దాదాపు ఒకటే. సమయం ఒక్కటే చూసి రెండూ సమానమనుకుంటే గోతిలో పడ్డట్టే. ఎనిమిదిన్నర గ్రాములు, 13 పాయింట్ల తేడా ఉంది. సర్వీసు నెట్‌లోకి ఎందుకు పోతోందో ఇక్కడే తేలింది. చేయి ఎకి అలవాటు పడింది, బి ముందే వచ్చేస్తోంది. ఫ్రేమ్ మీద రాసిన 305 గ్రాములు కంపెనీ పెట్టుకున్న లక్ష్యం, ప్రతి ముక్కా అంతే బరువు ఉంటుందని కాదు.

ఖర్చు: కాటా 450. మొత్తం 2,800.

దశ 3: కాగితం మీద

ఒక గ్రాము ఎక్కడ పెడితే స్వింగ్ వెయిట్ ఎంత పెరుగుతుందో ముందే లెక్కేసుకోవచ్చు. పెట్టే చోటు హ్యాండిల్ అడుగు నుంచి ఎన్ని సెం.మీ. దూరమో చూసి, అందులో 10 తీసేసి, వర్గం చేసి, వెయ్యితో భాగించాలి. తలను గడియారంలా అనుకుంటే:

12 గంటల దగ్గర (67.5 సెం.మీ.): గ్రాముకు 3.3
3, 9 గంటల దగ్గర (53 సెం.మీ.): గ్రాముకు 1.85
గొంతు (తల, హ్యాండిల్ కలిసే చోటు) దగ్గర (36 సెం.మీ.): గ్రాముకు 0.68
హ్యాండిల్ పైకొస (18 సెం.మీ.): గ్రాముకు 0.06
హ్యాండిల్ అడుగు (2 సెం.మీ.): గ్రాముకు 0.06

రాకెట్ చేతిలో తిరగకుండా ఆపేది మాత్రం వేరే కొలత, ట్విస్ట్ వెయిట్. మధ్య గీత నుంచి పక్కకు ఎంత దూరంలో బరువుందన్నది దానికి ముఖ్యం. 12 గంటల దగ్గర పెట్టిన సీసం మధ్య గీత మీదే ఉంటుంది కాబట్టి దానివల్ల ట్విస్ట్ వెయిట్‌కు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. 3, 9 దగ్గర పెడితే గీత నుంచి 12.5 సెం.మీ. దూరం, అక్కడ ఆరు గ్రాములకు ఒక పాయింట్‌కు కాస్త తక్కువగా పెరుగుతుంది. మామూలు రాకెట్లకు ట్విస్ట్ వెయిట్ 13, 14 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి అది తక్కువేం కాదు.

దీన్ని కూడా లోలకంతోనే కొలుద్దామని చూశా. స్పోక్‌ను స్ట్రింగుల తలానికి లంబంగా తిప్పి కట్టి పక్కకు ఊపితే వచ్చే అంకెలోంచి స్వింగ్ వెయిట్ తీసేస్తే ట్విస్ట్ వెయిట్ మిగలాలి. సూత్రం సరైనదే. కానీ మూడు వందల పైచిలుకు అంకెలు రెండింటి మధ్య పదమూడు, పద్నాలుగు వెతకడం, ఒక్కో అంకెలో రెండు పాయింట్ల తప్పు! ఒకసారి 11, ఇంకోసారి 17 వచ్చాయి. మానేశా. ట్విస్ట్ వెయిట్‌కు లెక్కనే నమ్ముకున్నా, మీరూ అదే చేయండి.

దశ 4: చక్రాల బరువులతో ట్రయల్

లెడ్ టేపు వచ్చేలోపు హంటర్ రోడ్డులో టైర్ల దుకాణం నుంచి వీల్ బ్యాలెన్సింగ్‌కు అతికించే పట్టీ తెచ్చా. ఒక్కో ముక్క ఐదు గ్రాములు, తూస్తే 4.9 నుంచి 5.1. వెనక జిగురు గట్టిది. 3 గంటల దగ్గర ఒకటి, 9 దగ్గర ఒకటి ఫ్రేమ్ లోపలివైపు అతికించా.

ముక్క తిన్నగా ఉంటుంది, ఫ్రేమ్ వంపుగా ఉంటుంది. అంచులు ఆనలేదు. పైన ఇన్సులేషన్ టేపు చుట్టినా సర్వీసు ఊపుకు ఒక ముక్క ఊడి పక్క కోర్టులో పడింది. ఎవరికైనా కంటికి తగిలితే? తల భాగానికి ఇవి వద్దే వద్దు. గొంతు దగ్గర తిన్నని చోట మాత్రం నిలబడతాయి, కానీ అక్కడ బరువు పెట్టాల్సిన అవసరం నాకు లేదు.

ఖర్చు: 40. మొత్తం 2,840.

దశ 5: లెడ్ టేపు, 12 గంటల దగ్గర

పావు అంగుళం వెడల్పు టేపు తీసుకున్నా, 780. అర అంగుళానిది వద్దు. ఫ్రేమ్ లోపలివైపు స్ట్రింగులు బయటికొచ్చే రంధ్రాలకు అటూ ఇటూ ఉన్న సందులో పావు అంగుళమే పడుతుంది. తూచి చూస్తే 10 సెం.మీ. ముక్క సరిగ్గా ఒక గ్రాము. లెక్కకు ఇంతకంటే సుఖం లేదు.

సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, కూరగాయలు కోసే కత్తెర వాడకూడదు, అతికించాక పైన మామూలు టేపు కప్పాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముక్కలు కింద వదలకండి.

ఎకి 12 గంటల దగ్గర నాలుగు గ్రాములు. బరువు 331.5, బ్యాలెన్స్ 33.0, లెక్కలో స్వింగ్ వెయిట్ 331. సర్వీసు బాగా బరువుగా పోయింది, ఎదుటివాళ్లు రిటర్న్‌కు రెండడుగులు వెనక్కి జరిగారు. వాలీలు మాత్రం అన్నీ ఆలస్యం. తిరగడం ఏమాత్రం తగ్గలేదు, లెక్క చెప్పినట్టే. పీకేశా. సింగిల్స్‌లో బేస్‌లైన్ మీద నిలబడి ఆడేవాళ్లకు ఇది నచ్చవచ్చు, నెట్ దగ్గర బతికేవాళ్లకు కాదు.

మొత్తం 3,620.

దశ 6: 3, 9 గంటల దగ్గర

ఒక్కో వైపు మూడు గ్రాములు, అంటే స్ట్రింగులకు అటొకటి ఇటొకటి 15 సెం.మీ. ముక్కలు రెండు. మొత్తం ఆరు గ్రాములు. బరువు 333.5, బ్యాలెన్స్ 33.0, స్వింగ్ వెయిట్ 329.

మొదటి గేమ్‌లోనే తేడా తెలిసింది. బలమైన రిటర్న్ ఫ్రేమ్ అంచువైపు తగిలినా రాకెట్ కాస్త వణికి నిలబడింది, బంతి నెట్ దాటింది. చిక్కు ఇంకోచోట వచ్చింది. ఏప్రిల్ ఎండ. ఆట అయ్యాక బ్యాగు స్కూటీ డిక్కీలో ఉండిపోయింది. సాయంత్రం తీసి చూస్తే జిగురు మెత్తబడి రెండు ముక్కలు స్ట్రింగుల మీదికి జారాయి, ఫ్రేమంతా నల్లటి బంక.

మళ్లీ అతికించిన పద్ధతి:

1. పాత బంకను కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, ఆ నూనె పోయేదాకా సర్జికల్ స్పిరిట్‌తో తుడవాలి.
2. స్పిరిట్ పూర్తిగా ఆరాక టేపు అతికించి, చెంచా వీపుతో ఒక కొస నుంచి ఇంకో కొసకు గట్టిగా రుద్దాలి.
3. పైన సన్నగా కోసిన ఇన్సులేషన్ టేపు, సీసం అంచులు దాటేలా.
4. ఒక రాత్రి వదిలేయాలి.

ఆ తర్వాత మే నెలంతా జారలేదు. డిక్కీలో పెట్టడం కూడా మానేశా, ఆ వేడికి స్ట్రింగుల టెన్షన్ కూడా దిగిపోతుంది.

స్పిరిట్, టేపు: 80. మొత్తం 3,700.

దశ 7: తోకకు బరువు

తల బరువెక్కితే హ్యాండిల్ అడుగున కాస్త బరువు పెట్టి బ్యాలెన్స్‌ను వెనక్కి తేవడం మామూలు పద్ధతి. అడుగు మూత తీస్తే లోపల డొల్ల. వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు వలకు కట్టే సీసం గుండ్లు 30 రూపాయలకు గుప్పెడొచ్చాయి. ఎనిమిది గ్రాములు తూచి, దూదిలో చుట్టి లోపల కుక్కా. రెండు సర్వీసులకే దూది నలిగి గుండ్లు గలగలమన్నాయి. పార్ట్‌నర్ నవ్వాపుకోలేక సర్వీసు ఆపేశాడు. దూది తీసేసి సిలికాన్ గమ్‌లో గుండ్లు అద్ది నింపి, రాకెట్ తలకిందులుగా ఒకరోజు నిలబెడితే చప్పుడు పోయింది. గమ్ కూడా తూకంలోకి వస్తుంది, గుండ్లతో కలిపే తూచుకోండి.

కొలిస్తే: 341.5 గ్రా., బ్యాలెన్స్ 32.2, 30 ఊపులకు 39.65 సెకన్లు, స్వింగ్ వెయిట్ 329. కాగితం లెక్కకూ కొలతకూ పాయింట్ లోపే తేడా.

మొదటి సెట్ అద్భుతం. మూడో సెట్‌కల్లా భుజం దిగిపోయింది. ఏడున్నరకే ఎండ మాడ్చే రోజుల్లో ఇంత బరువు మోయడం నావల్ల కాదు. ఇరవై ఏళ్ల కుర్రాడికైతే చెల్లుతుందేమో. తగ్గించా: 3, 9 దగ్గర ఒక్కో వైపు రెండు గ్రాములు, అడుగున నాలుగు.

ఎ, ఖరారు: 335.5 గ్రా., బ్యాలెన్స్ 32.5, స్వింగ్ వెయిట్ 326.

ఇక్కడ ఆగా. వాలీ తిరగడం పూర్తిగా పోలేదు, కానీ పాయింట్ పోయేంతగా లేదు. చేయి చివరిదాకా నిలుస్తోంది.

గుండ్లు, గమ్: 150. మొత్తం 3,850.

దశ 8: బి సంగతి

కాగితం మీద బి చాలా సులువు. సీసం పెట్టకముందు ఎతో సమానం కావాలంటే 3, 9 దగ్గర కలిపి ఏడు గ్రాములు, హ్యాండిల్ పైకొసన ఒకటిన్నర. బరువు, బ్యాలెన్స్, స్వింగ్ వెయిట్ మూడూ ఒకేసారి కలుస్తున్నాయి. దాని మీద ఎకి చేసినవే చేస్తే చాలు.

టేపు పొడవు ఎక్కువ కావాలి కాబట్టి 9 నుంచి 10 గంటల చోటు దాటేదాకా స్పిరిట్‌తో తుడిచా. స్పిరిట్ క్షణాల్లో ఆరిపోయింది, ఒక్క చోట తప్ప. 10 గంటల దగ్గర వెంట్రుక మందం గీత ఒకటి తడిగా, నల్లగా అలాగే ఉంది. మళ్లీ తుడిస్తే మళ్లీ అదే. రంగు పగుళ్లయితే పైపైనే ఆరిపోతాయి, స్పిరిట్ ఇంతసేపు నిలవదు. గోరు పెట్టి అడ్డంగా లాగితే తట్టుకుంది. ఆ చోట బొటనవేలితో నొక్కితే గీత సన్నగా తెరుచుకుని మూసుకుంది.

స్ట్రింగులు మధ్య నుంచి మొదలుపెట్టి కోసేశా. బంపర్ (తల అంచును కాపాడే ప్లాస్టిక్ పట్టీ) తీసి చూస్తే గీత దాని కింద కూడా సాగి, స్ట్రింగ్ దూరే ఒక గ్రామెట్ రంధ్రం దాకా పోయింది. రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపి పగులులోకి ఎక్కించి, పైన గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాస్) పట్టీ చుట్టి రెండు రోజులు ఆరబెట్టా. టెన్షన్ 48 పౌండ్లకు తగ్గించి వేయమన్నా. అడ్డం స్ట్రింగులు సగం పడ్డాయో లేదో "టక్" మని చప్పుడు. స్ట్రింగర్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, ఇగ దీని పని అయిపోయింది."

ఒక్కో స్ట్రింగూ 20 కేజీలకు పైగా లాగుతుంటే అతుకు ఏం ఆపుతుంది? ఆగినా, ఆ అతుకు బరువు ఒకే పక్కన పడి ట్విస్ట్ లెక్కంతా తలకిందులయ్యేది. ఎవరైనా "అతికించి వాడుకో" అంటే వినకండి.

ఎపాక్సీ 90, స్ట్రింగ్, కూలి 850. మొత్తం 4,790.

బిని పారేసే ముందు హ్యాండిల్‌ను రంపంతో కోశా. లోపల రెండు కార్బన్ గొట్టాలు పక్కపక్కన, చుట్టూ నురగలాంటి పదార్థం. సీసం గుండ్లు ఎంత లోపలికి పోతాయో, ఎక్కడ ఆగుతాయో కళ్లారా చూశాక ఎ అడుగున గమ్ సరిగ్గానే నిలిచిందని నమ్మకం కుదిరింది.

దశ 9: కొనడమే అయితే ఏది కొనాలి

బికి పగులు లేకపోయి ఉంటే రెండింటికీ కలిపి నాలుగు వేలలో పని ముగిసేది. సీసంతో చేయగలిగింది ఒకటే, బరువు పెంచడం. ఉన్న బరువు తగ్గించలేం, మహా అయితే ఓవర్‌గ్రిప్ తీసి ఐదు గ్రాములు. తల సైజు మార్చలేం, బిరుసు మార్చలేం, స్ట్రింగుల వరసలు మార్చలేం. ఫెదరర్ ఏళ్ల తరబడి 90 చదరపు అంగుళాల తలతో ఆడి, 2014లో 97కి మారాడు. అది అతికించుకుంటే వచ్చేది కాదు. మీ ఫిర్యాదు వీటిలో ఏదైనా అయితే టేపు మీద డబ్బు దండగ, నేరుగా కొత్తది చూసుకోండి. తిరిగిపోతోంది, తేలిపోతోంది, రెండు రాకెట్లు కలవడం లేదు అన్నవైతే ముందు టేపు.

నాకు ఇప్పుడు కావాల్సింది ఎకి జోడు. అదే మోడల్ ఇప్పుడు దొరకదు. కొత్తదానికి నేను పెట్టుకున్న షరతులు: 98 చదరపు అంగుళాల తలే, 16×19 వరసలే, 27 అంగుళాల పొడవే, రాసిన బరువు 305కి మించకూడదు. బరువైన రాకెట్ కొంటే దాన్ని ఎ స్థాయికి దించలేను, తేలికైనదైతే పైకి తేవచ్చు. దుకాణంలో కుర్రాడు 315 గ్రాములది చూపించి "సార్, మీకు స్టేబుల్ కావాలె అంటున్నరు కద, ఇది తీస్కోండ్రి" అన్నాడు. మాట నిజమే, కానీ స్ట్రింగ్, గ్రిప్ కలిస్తే అది 336 దాటుతుంది. ఇంక సర్దడానికి నాకు గ్రాము కూడా మిగలదు.

నా కాటా జేబులోనే ఉంది. ఒకే మోడల్‌వి దుకాణంలో రెండున్నాయి, రెండూ తూయించా. ఒకటి 308.9, ఇంకోటి 302.4. తేలికైనదే తీసుకున్నా. దాన్ని సి అందాం.

ఖర్చు: 17,600, స్ట్రింగింగ్ 850. మొత్తం 23,240. రెండు కొత్తవి కొని స్ట్రింగులు వేయించి ఉంటే 36,900 అయ్యేది, అప్పుడూ రెండింటినీ కలపడానికి టేపు తప్పేది కాదు.

దశ 10: సిని ఎతో కలపడం

స్ట్రింగులు, ఓవర్‌గ్రిప్ వేశాక సి: 324.0 గ్రా., బ్యాలెన్స్ 32.8, 30 ఊపులకు 39.38 సెకన్లు, స్వింగ్ వెయిట్ 316.

లెక్క వేసే తీరు ఇది, మీ అంకెలు పెట్టుకుంటే చాలు:

1. బరువు × బ్యాలెన్స్. ఎకి 335.5 × 32.48 = 10,897. సికి 324 × 32.8 = 10,627. తేడా 270.
2. బరువు తేడా 11.5 గ్రా. దీన్ని 3, 9 చోటుకూ (53 సెం.మీ.), హ్యాండిల్ అడుగుకూ (2 సెం.మీ.) పంచాలి.
3. 270 − (11.5 × 2) = 247. దాన్ని 51తో (53 − 2) భాగిస్తే 4.8. అంటే తలకు దాదాపు 5 గ్రా., మిగిలిన 6.5 అడుగుకు.
4. స్వింగ్ వెయిట్ సరిచూడాలి: 316 + (5 × 1.85) + 0.4 = 325.7. కలిసింది.

నాలుగో మెట్టులో కలవకపోతే 12 గంటల చోటును కూడా లెక్కలోకి తెచ్చి మూడు చోట్లకు పంచాలి. నాకు ఆ అవసరం రాలేదు.

ఒక్కో వైపు 12.5 సెం.మీ. ముక్కలు రెండేసి, అడుగున గమ్‌లో గుండ్లు. ఆరాక: 335.6 గ్రా., 32.5 సెం.మీ.

మూడు అంకెలూ కలిసినా సి కొంచెం బిరుసు, బంతి త్వరగా వదిలేస్తోంది. ఎ ఇన్నేళ్ల వాడకంలో మెత్తబడి ఉంటుంది. అందుకని సికి స్ట్రింగ్ రెండు పౌండ్లు తగ్గించి 51 వేయించా, ఎ 53లోనే ఉంది. ఇప్పుడు సెట్ మధ్యలో ఒకటి వదిలి ఇంకోటి పట్టుకున్నా సర్వీసు నెట్‌లోకి పోవడం లేదు. సి మీద 9 గంటల వైపు టేపు కొస కాస్త లేస్తోంది, దాన్ని మళ్లీ రుద్దాలి.

మొత్తం: 24,090.